ఏలినవారి దయ: ఒక మాట చరిత్ర

తెలుగులో ‘దయ’ అనే మాటను ఎవరు, ఎవరితో, ఎప్పుడు వాడతారు? చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని ఊళ్లో నాలుగు రోజులు మాటలు వింటే ఒక సంగతి తెలిసొస్తుంది. మాల మాదిగ వాడల్లో ఒకరికొకరు చేసుకునే మేలును దయ అనరు. ‘ఆదుకున్నాడు’ అంటారు. ‘సాయం పట్టాడు’ అంటారు. ‘అక్కరకు నిలబడ్డాడు’ అంటారు. పురుడు పోసిన ముసలమ్మ, పెళ్లికి చేబదులిచ్చిన పక్కింటివాడు, శవాన్ని మోసిన నలుగురు, వీళ్లెవరూ దయ చూపలేదు. చేయాల్సింది చేశారు, అంతే. దయ అనే మాట వాడ దాటి ఊళ్లోకి పోయినప్పుడే నోటికొస్తుంది. ‘మీ దయ అయ్యా’, ‘దొరగారి దయ’, ‘ఏలినవారు దయతలచాలి’. అంటే ఈ మాటకు ఒక దిక్కు ఉంది. అది పైనుంచి కిందికే దిగుతుంది.

మొదటి నుంచీ ఇట్లాగే ఉందా? లేదు. ఈ దిక్కు చరిత్రలో ఏర్పడింది. చరిత్రలో ఏర్పడిందాన్ని చరిత్రలోనే మార్చొచ్చు. అందుకే దీని పుట్టుపూర్వోత్తరాలు మనకు అవసరం.

1. రాతి మీది దయ

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు శాసనాలు చెక్కించాడు. 1929లో పరిశోధకుల దృష్టికి వచ్చిన ఈ శాసనాల్లో తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దలను గౌరవించాలి, నిజం చెప్పాలి అన్న ఆజ్ఞలతో పాటు ప్రాణుల పట్ల దయగా ఉండాలి అన్న ఆజ్ఞ కూడా ఉంది. ఇక్కడ గమనించాల్సింది వ్యాకరణం. ఇది ‘దయ చూపితే మంచిది’ అనటం కాదు, ‘ఉండవలెను’ అనటం. దయ ఒక విధి. అదే బండల మీది మరో రెండు శాసనాలు ధర్మం అంటే ఏమిటో చెబుతూ మొట్టమొదట దాసులతో, భృతకులతో, అంటే కూలికి పనిచేసేవాళ్లతో, సరైన తీరున నడుచుకోవటాన్ని లెక్కించాయి.

దీన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. దాసులను విడిపించమని రాజు అనలేదు. దాసుడు దాసుడుగానే మిగిలాడు. కళింగలో లక్షమందిని చంపించాక చెక్కించిన మాటలివి. అయినా ఒక తేడా ఉంది. ఇక్కడ దయ యజమాని ఇష్టం మీద వదిలేసిన వస్తువు కాదు, యజమాని మీద పెట్టిన బాధ్యత.

అమరావతి స్తూపం దగ్గర దొరికిన ప్రాకృత శాసనాల్లో మరో సంగతి ఉంది. పూర్ణఘటం చెక్కిన ఒక రాతిపలకను దానంగా ఇచ్చినవాడు విధికుడు. అతన్ని శాసనం ‘చమ్మకారుడు’ అంటుంది, అంటే తోలుపని చేసేవాడు. అతని తండ్రి ఉపాధ్యాయుడు. ఇంటిల్లిపాదితో, బంధుమిత్రులతో కలిసి ఈ దానం చేశానని విధికుడు చెప్పుకున్నాడు. ఆనాటి చమ్మకారుణ్ణి నేటి మాదిగతో ఏకంగా కలిపేయటం చరిత్ర రచన కాదు. ఆ రోజుల్లో వృత్తి ఇంకా నేటి కులంగా గడ్డకట్టలేదు. కానీ మన ప్రశ్నకు ఇది చాలు. తోలుపని చేసేవాడు ఇచ్చేవాడుగా నిలబడి, తన పేరు రాతి మీద చెక్కించుకున్న కాలం ఈ నేల మీదే ఉంది. కృష్ణ ఒడ్డున అతను చెయ్యి చాపలేదు, చేత్తో ఇచ్చాడు.

2. పైకి పోతే దక్షిణ, కిందికొస్తే దయ

ఆ చెయ్యి కిందికెట్లా వచ్చింది? మనుస్మృతి పదో అధ్యాయం చూడండి. చండాలుడు ఊరి బయట ఉండాలి. అతనికి తిండి పెట్టాల్సొస్తే వేరేవాళ్ల చేత, పగిలిన పాత్రలో పెట్టించాలి. తిండి పెడుతున్నారు, నిజమే. కానీ పెట్టే తీరులోనే నువ్వు మనిషివి కాదని చెబుతున్నారు. దయలో అవమానం కలిపి వడ్డించటం ఇక్కడ శాస్త్రంగా మారింది.

మధ్యయుగపు రాగిరేకులు తిరగేస్తే రెండో సగం కనిపిస్తుంది. రాజులు బ్రాహ్మణులకు అగ్రహారాలిచ్చారు. ఊళ్లకు ఊళ్లు పన్నులు లేకుండా రాసిచ్చారు. దీన్ని ఎవరూ దయ అనలేదు. దానం అన్నారు. తీసుకునేవాడికి పాత్రత ఉందన్నారు, ఇచ్చేవాడికే పుణ్యం అన్నారు. తీసుకున్న బ్రాహ్మణుడు తలవంచలేదు, ఇచ్చిన రాజే కాళ్లు కడిగాడు. ఒకే పని, ఇవ్వటం. పైకి పోతే దానం, దక్షిణ. కిందికొస్తే దయ, ధర్మం, భిక్షం. ‘ధర్మం చెయ్యి బాబూ’ అని అడుక్కునేవాడి నోట ధర్మం అనే మాటకు పట్టిన గతి కూడా ఇదే.

భక్తి కాలంలో దయ దేవుడి గుణమైంది. 13, 14 శతాబ్దాల్లో జీవించిన వేదాంత దేశికులు తిరుమల వేంకటేశ్వరుడి దయ మీదే సంస్కృతంలో ‘దయాశతకం’ రాశాడు. దేవుడు ప్రభువు, భక్తుడు దాసుడు, మధ్యలో దయ. ఇందులో ఒక అవకాశం లేకపోలేదు. దేవుడి దయకు కులం అడ్డు కాకపోవచ్చు. ఆ అవకాశాన్ని గట్టిగా పట్టుకున్నది శైవులు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన మాదార చెన్నయ్య కథలో శివుడు చెన్నయ్య ఇంటి అంబలి తాగుతాడు. చూడండి, ఇక్కడ కూడా ఇచ్చేవాడు తోలుపనివాడే, తీసుకునేవాడు దేవుడు. కానీ ఆ తిరుగుబాటు పీఠాలు, మఠాల్లో చల్లారింది. మిగిలింది ప్రభువు, దాసుడు అనే పాత పద్ధతే. గుడిలో నేర్చుకున్న ఆ వ్యాకరణాన్ని జనం దొర గడిలోనూ వాడాల్సొచ్చింది.

3. దొరగారు దయచేశారు

1852లో అచ్చయిన సి.పి. బ్రౌన్ నిఘంటువులో ‘దయచేయు’ అనే మాట చూస్తే ఆశ్చర్యమేస్తుంది. దానికి ఇవ్వటం అని అర్థం, రావటం అని అర్థం, పోవటం అని కూడా అర్థం. పెద్దవాడు వస్తే దయచేశాడు, కూర్చుంటే దయచేశాడు, లేచి పోయినా దయచేశాడు. అంటే పెద్దవాడు ఏమీ చేయకపోయినా, ఉత్తగా నడిచినా, అది కిందివాళ్లకు మేలే! బతికి ఉండటమే ఉపకారమైన మనుషులు ఒకపక్క, ఎంత చాకిరీ చేసినా అప్పుపడి ఉన్న మనుషులు మరోపక్క. తెలంగాణలో ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అన్న మాట ఈ దయచేయటానికి అవతలి సగం.

ఈ భాష ఏం దాచిపెట్టింది? కళ్లం దగ్గరికి పోదాం. రైతు పంట నూర్చుకున్నాక గ్రామసేవకులకు గింజల్లో కొంత వాటా కొలిచి ఇవ్వాలి. దాన్ని ‘మేర’ అన్నారు. మోటకు తోలు బొక్కెన కుట్టినందుకు, చెప్పులు కుట్టినందుకు, ఊరికి చాకిరీ చేసినందుకు మాదిగకు రావాల్సిన వాటా అది. మాలకు, చాకలికి, మంగలికి, కుమ్మరికి కూడా ఇట్లాంటి వాటాలున్నాయి. మేర అంటే కొలత, హద్దు. ఇది మన వాడుకలోనే ఉన్న హక్కు మాట. ఎక్కడి నుంచో తెచ్చుకుంది కాదు. కానీ కళ్లంలో ఏం జరిగేది? కొలిచి ఇవ్వాల్సిందాన్ని విదిలించి ఇచ్చేవాళ్లు. తీసుకునేవాడు దూరంగా నిలబడి, గుడ్డ పరిచి, దణ్ణం పెట్టి, ‘అయ్యగారి దయ’ అని తీసుకోవాలి. ఏడాది పొడుగునా చేసిన పనికి వచ్చే కూలి ఆ ఒక్క మాటతో భిక్ష అయిపోయింది. దయ అనే మాట చేసిన అసలు పని ఇదే. బాకీని బహుమానంగా మార్చింది.

4. కరువులో కూలి

1876-78 కరువులో మద్రాసు రాజధాని అంతటా లక్షలమంది చచ్చిపోయారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, దాని మీద కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. పని చేయించుకుంటూ ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ వాదించాడు. సర్కారు దయకు కూడా తూకం రాళ్లున్నాయి!

అదే కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నాడు. మాదిగలు వేలాదిగా వచ్చి తవ్వారు. మాదిగ బోధకులే మేస్త్రీలుగా ఉన్నారు. తవ్విన మట్టికి కూలి ముట్టింది. ఈ కాలంలో ఏడాదికి పైగా క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వీళ్లను గంజికి అమ్ముడుపోయినవాళ్లని ఇప్పటికీ ఎద్దేవా చేసే చరిత్రకారులున్నారు. వాళ్లు చూడనిదేమంటే, ఆ మనుషులు ముందు కూలి తీసుకున్నారు, మేస్త్రీ స్థానంలో తమ మనిషిని చూశారు.

చర్చిలో దయ అనే మాటకు పక్కన కృప, కనికరం చేరాయి. దేవుడి కృప కరణం చేతుల మీదుగా రానక్కర్లేదు. అది మాదిగకు, మునసబుకు ఒకటే. ఇది చిన్న మార్పేమీ కాదు. కానీ మిషను కాంపౌండులో కూడా తెల్లవాణ్ణి ‘దొరగారు’ అనే పిలిచాం. దొర మారాడు గాని మాట మారలేదు.

5. దయతో చంపటం

మాటను మార్చే పని మనవాళ్లే మొదలుపెట్టారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ, పంచమ అనే పేరును వదిలేసి ‘ఆది ఆంధ్ర’ అయింది. ఈ నేలకు మొదటివాళ్లం అని చెప్పుకున్నవాడు ఇక దయ అడగడు, వాటా అడుగుతాడు. కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అన్నది కూడా ఈ దారిలోనే.

1932 సెప్టెంబరులో పూనా ఒప్పందం తర్వాత పెట్టిన అస్పృశ్యతా నివారణ సంఘం త్వరలోనే హరిజన సేవక సంఘమైంది. ‘సేవ’, ‘ఉద్ధరణ’ అనే మాటలు ఊరూరా వినిపించాయి. ఉద్ధరించటమంటే పైకి లేపటం. లేపేవాడు పైన ఉంటేనే అది కుదురుతుంది. అదే ఏడాది నవంబరులో అంబేద్కర్ ఓడ మీద నుంచి ఆ సంఘం కార్యదర్శి ఠక్కర్‌కు ఉత్తరం రాశారు. మందు మానిపించటం, గ్రంథాలయాలు, బడులు పెట్టటం లాంటి మనిషిని బాగుచేసే పనులతో సరిపెట్టొద్దు, బావులు, బడులు, చావిళ్లు, బండ్ల మీద మావాళ్ల పౌరహక్కుల కోసం పోరాడండి అని అడిగారు. ఆ సలహాను పక్కన పెట్టారు. 1945లో కాంగ్రెసు, గాంధీ అస్పృశ్యులకు చేసిందేమిటో రాసిన పుస్తకంలో ఆయన ఈ సంఘం మీద ఒక అధ్యాయమే రాశారు. అస్పృశ్యులను దయతో చంపే పథకం అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. దయకు ఇంత సూటి విమర్శ మన దేశంలో మరెవరూ చేయలేదు.

అయితే దయను కాదన్నాక మనుషుల మధ్య ఇక ఏముండాలి? చట్టమొకటేనా? అంబేద్కర్ అక్కడ ఆగలేదు. ఆయన పోయాక 1957లో వచ్చిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో ప్రేమ ఒక్కటే చాలదని, మైత్రి కావాలని చెప్పారు. మైత్రికి పైనా కిందా ఉండవు. వాడలో మనం ‘ఆదుకోవటం’ అనేది దీన్నే.

6. ఎక్స్‌గ్రేషియా

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాగే చెరువు నీళ్లను పాడుచేయొద్దని ఒక మాదిగ స్త్రీ ఎదిరించటంతో మొదలైన గొడవ అది. బతికినవాళ్లు చీరాల చేరి, మళ్లీ ఆ ఊరి దయ మీద బతకబోమని అక్కడే నిలబడ్డారు. దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. వాళ్లను ఊరి నడుమ సమాధి చేసి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. కోర్టును ఊళ్లోకే రప్పించారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఇట్లాంటి ప్రతి ఘటన తర్వాత పేపర్లో ఒక మాట కనబడుతుంది: ‘ఎక్స్‌గ్రేషియా’. ఇది లాటిన్ మాట. బాధ్యత లేకపోయినా దయకొద్దీ ఇచ్చేది అని దాని అర్థం. రాగిరేకుల కాలం నుంచి నడిచొచ్చిన దయ కోటు తొడుక్కుని వచ్చిందన్నమాట. కానీ 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నియమాల్లో 12(4) ప్రకారం బాధితులకు ఇచ్చే సహాయం ప్రభుత్వం విధి. 2015 సవరణతో చేరిన 15ఎ సెక్షన్ బాధితుల పట్ల న్యాయంగా, గౌరవంతో, మర్యాదతో ఉండాలంటుంది. అందులో దయ అనే మాటతో పనే లేదు. కలెక్టరు చెక్కు ఇచ్చి ఫోటో దిగినప్పుడు ఇచ్చింది ఆయన జేబులోది కాదు, చట్టం కొలిచిన మేర.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. స్కాలర్‌షిప్పు దరఖాస్తులో ‘తమరు దయతలచి’ అని లేదని ఒక ఆఫీసులో గుమాస్తా నాతో మళ్లీ రాయించాడు. అది నాకు జీవో ప్రకారం వచ్చే డబ్బు. ఆ రెండు మాటలు రాస్తే గాని నా హక్కు నాది కాలేదు. ఇది ఒక్క గుమాస్తా సంగతి కాదు. మన నోళ్లలో కూడా ఈ మాట నాటుకుంది. ‘ఈ ఉద్యోగం అంబేద్కర్ పెట్టిన భిక్ష’ అని మన సభల్లోనే అంటుంటాం. కృతజ్ఞతతో అనేదే. కానీ జీవితమంతా భిక్షకు ఎదురు నిలిచిన మనిషిని భిక్షపెట్టే దొరను చేయటం కాదా ఇది? ఆయన ఇచ్చింది భిక్ష కాదు, మన బాకీ పత్రాన్ని చట్టంలో రాయించి పెట్టారు.

‘దయచేసి’ అనే మాట ఇవాళ బస్సుల్లో, బోర్డుల మీద, పెళ్లి పత్రికల్లో అందరికీ అందరూ చెప్పుకునే మర్యాద అయింది. గడిలోని మాట బస్సెక్కటం మంచిదే. అక్కడ దానికి ఎత్తూపల్లం పోయింది. పోవాల్సింది అర్జీల్లో, ఆఫీసుల్లో. ఊళ్లో అర్జీలు రాసిపెట్టేది ఇప్పుడు చాలాచోట్ల మన పిల్లలే, మన టీచర్లే, మన కార్యకర్తలే. ‘ఏలినవారు దయతలచి’ అని రాసే చోట నియమం నంబరు, జీవో నంబరు రాద్దాం. రావాల్సింది ఎంతో, ఏ తారీఖు నుంచి రావాలో రాద్దాం. ఇచ్చే చోట మైత్రి, తీసుకునే చోట మేర. ఈ రెండు మాటలు మనకు చాలు.