కౌంటీ జైలు ఖైదీలతో సంప్రదింపులు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కౌంటీ జైలులో నిర్బంధంలో ఉన్న వ్యక్తితో కుటుంబ సభ్యులు, మిత్రులు ఫోను, ఉత్తరం, ములాఖత్, వీడియోల ద్వారా సంబంధం నిలుపుకొనే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ జైళ్ళలో ఉన్నవారిలో అధికులు ఇంకా దోష నిర్ధారణ జరగనివారు. 2023 సంవత్సరం మధ్యనాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలోని స్థానిక జైళ్ళలో సుమారు 6,64,000 మంది ఉండగా, వారిలో దాదాపు 70 శాతం మంది ఇటువంటివారే. అయినప్పటికీ బయటివారితో మాట్లాడే విషయంలో వీరికి వర్తించే నియమాలు, శిక్ష పడి రాష్ట్ర కారాగారానికి వెళ్ళినవారి నియమాల కంటె చాలాచోట్ల కఠినంగా ఉన్నాయి. ఈ సంబంధానికి అయ్యే ఖర్చును ఎక్కువగా భరించేది కుటుంబమే.

కౌంటీ జైలు అంటే

రాష్ట్రంలోని పరిపాలనా విభాగాన్ని కౌంటీ అంటారు. మన జిల్లాతో పోల్చవచ్చును గాని చాలా కౌంటీలు మన మండలమంత జనాభా కూడా లేనివి. దేశంలో 3,100కు పైగా కౌంటీలు, వాటితో సమానమైన విభాగాలు ఉన్నాయి. కౌంటీ జైలును సాధారణంగా ప్రజలు ఎన్నుకున్న షెరీఫ్ నడుపుతాడు. అరెస్టయి బెయిలు రానివారు, విచారణ కోసం వేచి ఉన్నవారు, ఏడాది లోపు శిక్ష పడినవారు ఇక్కడ ఉంటారు. అంతకు మించిన శిక్ష పడితే రాష్ట్ర కారాగారానికి పంపుతారు. తెలుగులో రెండింటినీ జైలు అనే అంటాము గాని అక్కడ ఈ రెండు పదాలు వేరు, అధికారులు వేరు, నియమాలు వేరు. అలాస్కా, కనెక్టికట్, డెలావేర్, హవాయి, రోడ్ ఐలండ్, వెర్మాంట్ రాష్ట్రాలలో మాత్రం విచారణ ఖైదీలను కూడా ప్రధానంగా రాష్ట్రమే చూసుకొంటుంది.

ప్రతి కౌంటీకీ దాని నియమాలు దానివే. ఒక కౌంటీలో చెల్లిన ఫోటో పక్క కౌంటీలో చెల్లదు. కనుక క్రింద వ్రాసినది సాధారణ పద్ధతి మాత్రమే. ఆయా జైలు వెబ్‌సైటులోని నియమాలను చూసుకొనక తప్పదు.

ఆచూకీ తెలుసుకొనుట

అరెస్టయిన వ్యక్తిని జైలుకు తెచ్చి వేలిముద్రలు, ఫోటో తీసి, పేరు నమోదు చేసి ఒక సంఖ్య ఇస్తారు. దీనిని బుకింగ్ నంబరు అంటారు. ఇది పూర్తి కావడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. అంతవరకు పేరు ఎక్కడా కనబడదు. తరువాత షెరీఫ్ కార్యాలయపు వెబ్‌సైటులో పేరు, పుట్టిన తేదీతో వెదకవచ్చు. ఉత్తరం వ్రాయడానికి, డబ్బు కట్టడానికి, ములాఖత్ కోరడానికి అన్నిటికీ ఈ బుకింగ్ నంబరే ఆధారం.

అరెస్టయిన వానికి "ఒక్క ఫోన్ కాల్" హక్కు ఉంటుందని సినిమాల వలన ఒక నమ్మకం ఏర్పడింది. దేశమంతటికీ వర్తించే అటువంటి సూత్రమేదీ లేదు. రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు కాలిఫోర్నియా చట్టం ప్రకారం అరెస్టయిన మూడు గంటలలోపు కనీసం మూడు కాల్స్ చేసుకోనివ్వాలి. చిన్నపిల్లలను చూసుకొనే తల్లికి గాని తండ్రికి గాని పిల్లల ఏర్పాటు కొరకు మరి రెండు.

ఖైదీని ఒక జైలు నుండి మరొక జైలుకు మార్చినప్పుడు కుటుంబానికి ముందుగా చెప్పరు. దీనికి చాలామంది వైన్ అనే సమాచార వ్యవస్థను వాడుకుంటారు. ఇది నిజానికి బాధితుల కొరకు ఏర్పడినది. 1993లో కెంటకీ రాష్ట్రంలో మేరీ బైరన్ అనే యువతిని, జైలు నుండి విడుదలైన ఆమె మాజీ స్నేహితుడు హత్య చేశాడు. అతడు విడుదలైన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ మరుసటి సంవత్సరం జెఫర్సన్ కౌంటీలో ఈ వ్యవస్థ మొదలై ఇతర రాష్ట్రాలకు వ్యాపించింది. పేరు నమోదు చేసుకొన్నవారికి ఖైదీ విడుదల, బదిలీ వంటి వార్తలు ఫోను ద్వారా అందుతాయి.

టెలిఫోను

జైలులో ఉన్నవారు బయటకు ఫోను చేయగలరు గాని బయటివారు లోపలికి చేయలేరు. కాల్ రాగానే ఇది ఫలానా జైలు నుండి వచ్చినదనీ, సంభాషణ రికార్డు అవుతుందనీ ఒక యంత్రపు గొంతు చెబుతుంది. సమ్మతిస్తే ఒక అంకె నొక్కాలి. మొబైల్ ఫోన్లకు సాధారణంగా కలెక్ట్ కాల్ కుదరదు కనుక ఆ జైలుకు ఫోను సౌకర్యం కల్పించే కంపెనీ వద్ద ముందుగా ఖాతా తెరిచి డబ్బు వేయాలి. సెక్యూరస్, వయాపాత్ (2022 వరకు దీని పేరు గ్లోబల్ టెల్ లింక్) ఈ రంగంలో పెద్ద కంపెనీలు. ఒక్కో కాల్ సాధారణంగా 15 లేక 20 నిమిషాలకు తనంత తానే తెగిపోతుంది.

అన్నిటికంటె ముఖ్యంగా గుర్తుంచుకొనవలసినది రికార్డింగ్ సంగతి. జైలు ఫోనులో అన్న మాటలను ప్రాసిక్యూటర్లు తెప్పించుకొని కోర్టులో సాక్ష్యంగా వినిపించడం అక్కడ నిత్యకృత్యం. మొదటి రోజున కంగారులో ఉన్న కుటుంబం సహజంగా అడిగే ప్రశ్న "అసలు ఏమి జరిగింది?" అనే. సరిగా ఆ ప్రశ్నే ఫోనులో అడగరాదు. కేసు సంగతులు న్యాయవాదితోనే మాట్లాడాలి. న్యాయవాది తన నంబరును జైలులో నమోదు చేయించుకుంటే ఆ కాల్స్ రికార్డు చేయరాదన్నది నియమం. తెలుగులో మాట్లాడితే ఎవరికి అర్థమవుతుందిలే అనుకొనుట కూడా పొరపాటే. రికార్డును ఎన్ని నెలల తరువాతనైనా అనువాదం చేయించవచ్చు.

మరొక చిక్కు మూడవ వ్యక్తిని కలపడం. డాలస్‌లో ఉన్న అన్నకు కాల్ వస్తే అతడు గుంటూరులో ఉన్న తల్లిని కూడా అదే కాల్‌లో కలుపుదామనుకొనుట సహజం. చాలా జైళ్ళలో ఇది నిషిద్ధం. యంత్రం దానిని పసిగట్టి కాల్ తెంచివేస్తుంది. కొన్నిచోట్ల ఖైదీకి కొంతకాలం ఫోను సౌకర్యమే తీసివేస్తారు. తల్లి మాటలు ఉత్తరంలో వ్రాసి పంపడమో, ఆమె చెప్పినది అన్న తిరిగి చెప్పడమో మేలు.

ఫోను ధరల వివాదం

ఒకప్పుడు 15 నిమిషాల కాల్‌కు 17 డాలర్ల వరకు వసూలు చేసిన జైళ్ళు ఉన్నాయి. దీనికి కారణం గుత్తాధిపత్యం మాత్రమే కాదు. కాంట్రాక్టు దక్కించుకొనుటకు కంపెనీలు తమ రాబడిలో కొంత వాటాను కౌంటీకి కమీషనుగా చెల్లించేవి. అందువలన తక్కువ ధర చెప్పిన కంపెనీకి బదులు ఎక్కువ వాటా ఇచ్చే కంపెనీకే కాంట్రాక్టు దక్కేది. కొనేవాడు ఒకడు, చెల్లించేవాడు మరొకడు అయినప్పుడు బేరం ఎలా ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు.

ఈ ధరలపై పోరాటానికి పేరు తెచ్చినది వాషింగ్టన్ నగరానికి చెందిన మార్తా రైట్. చూపు కోల్పోయిన ఈ విశ్రాంత నర్సుకు, దూరపు కారాగారాలలో ఉన్న మనుమడితో ఉత్తరాల ద్వారా మాట్లాడే వీలు లేకపోయింది. మిగిలినది ఫోను ఒక్కటే. ఆమె మరికొందరితో కలిసి కోర్టుకు వెళ్ళి, 2003లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు అర్జీ పెట్టుకున్నది. కమిషన్ పదేళ్ళ తరువాత, 2013లో, నిమిషానికి 21 సెంట్లు, కలెక్ట్ కాల్‌కు 25 సెంట్లు అని పరిమితి విధించింది. కాని అది రాష్ట్రం దాటి వెళ్ళే కాల్స్‌కే వర్తించింది. కౌంటీ జైలులో ఉన్నవాని కుటుంబం సాధారణంగా అదే ఊరిలోనో పక్క ఊరిలోనో ఉంటుంది గనుక వీరికి ఆ పరిమితి వలన కలిగిన మేలు స్వల్పం. కమిషన్ 2015లో రాష్ట్రం లోపలి కాల్స్‌కు కూడా పరిమితి పెట్టగా, ఆ అధికారం దానికి లేదని 2017లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టివేసింది. మార్తా రైట్ 2015లోనే మరణించింది.

ఆమె పేరు మీద కాంగ్రెసు చేసిన చట్టంపై 2023 జనవరిలో అధ్యక్షుడు జో బైడెన్ సంతకం చేయడంతో కమిషన్‌కు ఆ అధికారం వచ్చింది. 2024లో కమిషన్ వెయ్యి మంది, అంతకు మించి ఉన్న జైళ్ళలో నిమిషానికి 6 సెంట్లు, వంద మంది కూడా లేని జైళ్ళలో 12 సెంట్లు అని నిర్ణయించి, కమీషన్లను నిషేధించింది. అయితే 2025 జూన్‌లో వీటి అమలును 2027 ఏప్రిల్‌కు వాయిదా వేసి, అదే సంవత్సరం అక్టోబరులో పరిమితులను పెంచింది.

ధరల తగాదా లేకుండా కాల్స్‌ను పూర్తిగా ఉచితం చేసిన ప్రభుత్వాలు కూడా ఉన్నాయి. న్యూయార్క్ నగరం 2019లోను, శాన్‌ఫ్రాన్సిస్కో 2020లోను, శాన్‌డియేగో కౌంటీ 2021లోను తమ జైళ్ళలో ఈ పని చేశాయి. 2023 డిసెంబరు నుండి మసాచుసెట్స్ రాష్ట్రంలో కౌంటీ జైళ్ళతో సహా అన్నిటా కాల్స్ ఉచితమే.

ఉత్తరాలు

ఉత్తరం అన్నిటికంటె చవుక. కవరుపై ఖైదీ పూర్తి పేరు, బుకింగ్ నంబరు, వ్రాసినవారి పేరు, చిరునామా తప్పనిసరి. సాధారణంగా తెల్లకాగితం, నీలం లేక నల్ల సిరా వాడాలి. పరిమళాలు, స్టిక్కర్లు, మెరుపులు, స్టేపుల్ పిన్నులు, క్రేయాన్ బొమ్మలు ఉంటే తిప్పి పంపుతారు. కాగితంలో మాదకద్రవ్యాలు ఇంకించి పంపుతారన్న అనుమానమే దీనికి కారణం. నాన్నకు రంగుల బొమ్మ గీసి పంపాలనుకున్న పిల్లవానికి ఈ కారణం బోధపరచడం కష్టమే. బొమ్మను మామూలు పెన్సిలుతో గీయిస్తే చాలాచోట్ల అభ్యంతరం ఉండదు. పుస్తకాలు ఇంటి నుండి పంపరాదు. ప్రచురణకర్త గాని దుకాణం గాని నేరుగా పంపాలి, అవీ అట్ట బైండు లేనివి.

అధికారులు ఉత్తరాలను తెరచి చూడవచ్చు. న్యాయవాది నుండి వచ్చినదానిని మాత్రం ఖైదీ ఎదుటనే తెరవాలి. 1974 నాటి వుల్ఫ్ వర్సెస్ మెక్‌డానెల్ కేసులో సుప్రీంకోర్టు ఆమోదించిన పద్ధతి ఇది. తెలుగులో వ్రాసిన ఉత్తరాన్ని చదివి చెప్పేవారు జైలులో ఉండరు గనుక ఆలస్యం జరగవచ్చు. అయినా తల్లిదండ్రుల చేతివ్రాతకు ఉన్న విలువ వేరు గనుక ప్రయత్నించి చూడవచ్చు.

అరిజోనా రాష్ట్రంలోని మారికోపా కౌంటీలో షెరీఫ్ జో అర్పాయో 2007లో కవర్లను మానిపించి పోస్టుకార్డులు మాత్రమే అనుమతించాడు. చాలా కౌంటీలు ఆ బాట పట్టాయి. పోస్టుకార్డు మీద అప్పుల సంగతి, జబ్బు సంగతి ఎవరు వ్రాయగలరు? దారిలో అందరూ చదువుతారు. ఆరెగాన్ రాష్ట్రపు కొలంబియా కౌంటీలోని ఇటువంటి నియమం రాజ్యాంగ విరుద్ధమని 2013లో ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఇటీవల మరొక పద్ధతి వచ్చింది. ఉత్తరాన్ని స్కాన్ చేసి ఖైదీకి టాబ్లెట్‌లో చూపి, అసలు కాగితాన్ని నాశనం చేస్తారు. కనుక ఒకే ప్రతి ఉన్న ఫోటోలు పంపరాదు.

ములాఖత్

అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా మన జైళ్ళలోకి వచ్చిన ములాఖత్ అనే మాటకు అర్థం కలయిక. అమెరికా కౌంటీ జైలులో కలయిక చాలాచోట్ల అద్దానికి ఇరువైపుల కూర్చొని ఫోను ఎత్తి మాట్లాడుటయే. లాస్ ఏంజెలెస్ కౌంటీ సెంట్రల్ జైలుకు సంబంధించిన బ్లాక్ వర్సెస్ రూథర్‌ఫర్డ్ కేసులో, విచారణ ఖైదీలకు తాకగలిగే ములాఖత్ నిరాకరించుట రాజ్యాంగ విరుద్ధం కాదని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం అంతకు ముందే, 1979లో, కూపర్ వర్సెస్ మోరిన్ కేసులో తమ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం విచారణ ఖైదీకి ఆ హక్కు ఉన్నదని తీర్పునిచ్చింది. అందువలన బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొనే భాగ్యం ఏ రాష్ట్రంలో అరెస్టయినాడన్న దానిపై ఆధారపడి ఉన్నది.

వెళ్ళేవారు ముందుగా సమయం నమోదు చేసుకొని, పాస్‌పోర్టు గాని డ్రైవింగ్ లైసెన్సు గాని వెంట తీసుకొని వెళ్ళాలి. దుస్తుల విషయంలో నియమాలు ఉంటాయి. పిల్లలు పెద్దల వెంటనే రావాలి. వచ్చినవారి పేరు మీద వారంటు ఉందేమో చూస్తారు, ఉంటే అక్కడే అరెస్టు చేయవచ్చు.

ఇప్పుడు అద్దం స్థానంలో తెర వచ్చింది. 2010 తరువాత వీడియో పద్ధతి పెట్టిన జైళ్ళలో ఎక్కువ భాగం ముఖాముఖి ములాఖత్‌ను రద్దు చేశాయి. టెక్సస్‌లోని ట్రావిస్ కౌంటీ 2013లో అలాగే రద్దు చేసి, తరువాత పునరుద్ధరించింది. డాలస్ కౌంటీ 2014లో అటువంటి కాంట్రాక్టు షరతును తిరస్కరించింది. 2015లో టెక్సస్ శాసనసభ వారానికి రెండు ముఖాముఖి ములాఖత్‌లు తప్పనిసరి చేసింది గాని, అప్పటికే వీడియోకు ఖర్చు పెట్టిన కౌంటీలకు మినహాయింపు ఇచ్చింది. దూరాన ఉన్నవారికి వీడియో ఉపయోగమే. ముఖాముఖికి తోడుగా ఉంటే సౌకర్యం, బదులుగా ఉంటే నష్టం. మిన్నెసోటా కారాగారాల నుండి విడుదలైన 16 వేల మందికి పైగా ఖైదీలను పరిశీలించి 2011లో ప్రకటించిన అధ్యయనంలో, ములాఖత్‌లు పొందినవారు మళ్ళీ పెద్ద నేరంలో శిక్ష పడే అవకాశం 13 శాతం తక్కువని తేలింది.

డబ్బు పంపుట

సబ్బు, తపాలా బిళ్ళలు, అదనపు తిండి కొరకు ఖైదీ ఖాతాలో వెబ్‌సైటు ద్వారా గాని జైలులోని యంత్రం ద్వారా గాని డబ్బు వేయవచ్చు. కంపెనీ రుసుము విడిగా పడుతుంది. ఫోను ఖాతా, ఈ ఖాతా చాలాచోట్ల వేరువేరు.

తెలుగువారికి సంబంధించిన విషయాలు

అమెరికాలో చదువుకు, ఉద్యోగానికి వెళ్ళిన తెలుగువారు పెరిగిన కొద్దీ ఈ అవసరం మన కుటుంబాలకూ కలుగుతున్నది. మొదటి చిక్కు పేరు. జైలు రికార్డులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లు, ఇంటిపేరు ముందుగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి వీసాలో దానినే ఇంటిపేరుగా తీసుకొని, అసలు పేరు ఉండవలసిన చోట "ఎఫ్ఎన్‌యూ" అనే మూడక్షరాలు వేస్తారు. స్నేహితులు పిలిచే పేరుతో వెదికితే దొరకకపోవడానికి ఇదే కారణం.

ఇమ్మిగ్రేషన్ శాఖ అదుపులోకి తీసుకొన్నవారిని కూడా ఒప్పందం మీద కొన్ని కౌంటీ జైళ్ళలో ఉంచుతారు. వీరి పేరు ఆ శాఖ వారి వెబ్‌సైటులో వెదకాలి. ఏ-నంబరు అనే గుర్తింపు సంఖ్య గాని పేరు గాని, దానితో పాటు పుట్టిన దేశం ఇవ్వాలి. 2019 జనవరిలో మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ వ్యవహారం బయటపడింది. అది ప్రభుత్వ అధికారులే గూఢచర్యం కొరకు స్థాపించిన బూటకపు విశ్వవిద్యాలయం. అందులో చేరిన 129 మంది భారతీయ విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది తెలుగు రాష్ట్రాలవారు. వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం ఇరవైనాలుగు గంటలు పనిచేసే సహాయ కేంద్రాన్ని తెరిచింది. అమెరికాలోని తెలుగు సంఘాలు న్యాయవాదులను సమకూర్చడంలో తోడ్పడ్డాయి. భారత ప్రభుత్వం న్యూఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన తెలిపి, విద్యార్థులను కలిసే వీలు కల్పించాలని కోరింది.

ఆ కోరికకు ఆధారం 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒడంబడికలోని 36వ అధికరణం. అరెస్టయిన విదేశీయునికి తన దేశపు కాన్సులేట్‌కు తెలియజేయించుకొనే హక్కు ఉన్నదని అధికారులే చెప్పాలి. అయితే భారతీయుల విషయంలో ఖైదీ కోరితేనే తెలియజేస్తారు. భయం చేతనో, ఇంట్లో తెలిస్తే పరువు పోతుందనో చాలామంది వద్దంటారు. అటువంటప్పుడు ఇక్కడి కుటుంబమే ఆ ప్రాంతపు భారత కాన్సులేట్‌కు ఖైదీ పేరు, పాస్‌పోర్టు సంఖ్య, జైలు పేరు వ్రాసి పంపవచ్చును. ఇంట్లో మరణం వంటి కబురు చేరవేయవలసి వస్తే జైలులోని చాప్లెయిన్ అనే మతాధికారికి గాని, డ్యూటీలో ఉన్న అధికారికి గాని ఫోను చేసి చెప్పాలి. వారు విచారించుకొని ఖైదీకి తెలియజేసి, కొన్నిచోట్ల అదనంగా ఒక కాల్ చేసుకోనిస్తారు.