ఇంటి పన్నుకు కొలత మారింది: అద్దె నుంచి ఆస్తి విలువకు

రాజమహేంద్రవరం: ఇంటి పన్ను డిమాండు నోటీసు చేతికందగానే యజమాని చూసేది చివరి అంకె. ఆ అంకె ఎలా వచ్చిందో పరిశీలించేవారు తక్కువ. 2021 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రంలోని నగరపాలక సంస్థలు, పురపాలక సంఘాలలో పన్ను లెక్కించే పద్ధతే మారిపోయింది. అంతకుముందు ఇల్లు అద్దెకు ఇస్తే ఏడాదికి ఎంత వస్తుందన్నది ప్రాతిపదిక. మారిన విధానంలో స్థలానికి, కట్టడానికి కలిపి రిజిస్ట్రేషన్ శాఖ లెక్కల ప్రకారం ఎంత విలువ ఉందన్నది ప్రాతిపదిక. ఇల్లు అమ్మే ఆలోచన లేనివారు కూడా రిజిస్ట్రేషన్ విలువలను గమనించవలసిన అవసరం దీనితో ఏర్పడింది.

అద్దె విలువ నాటి లెక్క

రాజమండ్రి పురపాలక సంఘం 1866లో ఏర్పడింది. 1994లో నగరపాలక సంస్థ అయింది. 1965 నాటి రాష్ట్ర మున్సిపాలిటీల చట్టం వార్షిక అద్దె విలువను పన్నుకు ఆధారం చేసింది. 1990లో వచ్చిన మదింపు నిబంధనలు దానికి స్పష్టమైన రూపమిచ్చాయి. వాటి ప్రకారం పట్టణాన్ని మంచినీరు, రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు, మార్కెట్లు, పాఠశాలలు వంటి సౌకర్యాలను బట్టి జోన్లుగా విభజించేవారు. ఒక్కో జోనులో శ్లాబు ఇల్లు, మద్రాసు టెర్రసు, మంగళూరు పెంకు, రేకుల కప్పు, నాటు పెంకు, పూరిల్లు అంటూ కట్టడాలను తరగతులుగా చేసి, చదరపు మీటరుకు నెలకు ఇంత అద్దె అని ఖరారు చేసేవారు. ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు విన్న తరువాతే రేట్లు అమలులోకి వచ్చేవి.

భవనం వయసును బట్టి అద్దె విలువలో తగ్గింపు ఉండేది. 25 ఏళ్ల వరకు 10 శాతం, 25 నుంచి 40 ఏళ్ల వరకు 20 శాతం, 40 ఏళ్లు దాటితే 30 శాతం. యజమాని తానే నివసించే ఇంటికి వయసు తగ్గింపుతో కలిపి 40 శాతం మినహాయించేవారు. మిగిలిన మొత్తంపై కౌన్సిల్ నిర్ణయించిన శాతం మేరకు పన్ను పడేది. దానిపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు అదనం.

మార్పు ఎందుకు వచ్చింది

పద్ధతి బాగానే ఉన్నా ఆచరణలో రేట్లు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. రాష్ట్రంలో నివాస భవనాల అద్దె విలువలను చివరిసారిగా సవరించినది 2002లో. నివాసేతర భవనాలకు 2007లో. ఒకే వీధిలో, ఒకే పరిమాణంలో ఉన్న రెండు ఇళ్లకు వేర్వేరు పన్నులు పడుతున్నాయన్న ఫిర్యాదులు సర్వసాధారణం.

అద్దె విలువకు న్యాయపరమైన చిక్కు కూడా ఉంది. అద్దె నియంత్రణ చట్టం వర్తించే చోట, ఆ చట్టం అనుమతించే ప్రామాణిక అద్దెను మించి పన్ను మదింపు చేయరాదని 1979లో దివాన్ దౌలత్‌రాయ్ కపూర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తరువాత పెద్ద నగరాలు ఒక్కొక్కటిగా అద్దె విలువను వదిలాయి. ఢిల్లీ 2004లో, బెంగళూరు 2008లో విస్తీర్ణం ఆధారిత పద్ధతికి మారాయి. ముంబయి 2010 నుంచి మూలధన విలువను స్వీకరించింది.

మన రాష్ట్రంలో తక్షణ కారణం 2020లో వచ్చింది. కరోనా కాలంలో రాష్ట్రాలకు అదనపు రుణ పరిమితి ఇచ్చిన కేంద్రం, అందులో కొంత భాగాన్ని పట్టణ సంస్కరణలతో ముడిపెట్టింది. రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా ఆస్తి పన్ను కనీస రేట్లు ప్రకటించాలన్నది అందులో ఒక షరతు. రాష్ట్ర ప్రభుత్వం చట్టాలను సవరించి, 2020 నవంబరులో జీవో 198 ద్వారా కొత్త నిబంధనలు జారీ చేసింది. సంస్కరణలు పూర్తి చేసినందుకు రూ.2,525 కోట్ల అదనపు రుణానికి అనుమతి లభించింది. ప్రతిపక్షాలు, పౌర సంఘాలు ఈ మార్పును వ్యతిరేకిస్తూ ఆందోళనలు చేశాయి.

కొత్త లెక్క

స్థలం విలువకు కట్టడం విలువను కలిపితే మూలధన విలువ వస్తుంది. రెండింటికీ రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువలే ఆధారం. 2020 నిబంధనలు నివాస భవనాలకు మూలధన విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు ఏటా పన్ను విధించవచ్చని పేర్కొన్నాయి. ఆ పరిధిలో ఎంత అన్నది స్థానిక సంస్థ నిర్ణయం. యజమాని నివసించే 375 చదరపు అడుగులలోపు ఇంటికి ఏడాదికి రూ.50 మాత్రమే నిర్ణయించారు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఇన్నీసుపేట, ఆర్యాపురం వంటి పాత పేటలో 100 చదరపు గజాల స్థలంలో 60 చదరపు మీటర్ల పెంకుటిల్లు ఉందనుకుందాం. యజమాని అందులోనే ఉంటున్నారు. పాత పద్ధతిలో చదరపు మీటరుకు నెలకు రూ.10 అద్దె అనుకుంటే వార్షిక అద్దె విలువ రూ.7,200. నలభై శాతం మినహాయిస్తే రూ.4,320. దానిపై 20 శాతం పన్ను అనుకుంటే రూ.864. కొత్త పద్ధతిలో గజం రూ.20 వేలు చొప్పున స్థలం విలువ రూ.20 లక్షలు, పెంకుటింటి విలువ రూ.2 లక్షలు, మొత్తం రూ.22 లక్షలు. కనీస రేటు 0.10 శాతం వేసినా పన్ను రూ.2,200.

మెట్టు మెట్టుగా పెంపు

రూ.864 నుంచి రూ.2,200కు ఒకేసారి పెంచకుండా నిబంధనలలో ఒక అడ్డుకట్ట పెట్టారు. కొత్త లెక్క ప్రకారం పన్ను ఎంత వచ్చినా, ఏడాదికి 15 శాతానికి మించి పెంచరాదన్నది దాని సారాంశం. ఇది ఊరటే. అయితే ముందటి ఏడాది పెరిగిన మొత్తంపైనే తిరిగి 15 శాతం పడితే, పన్ను ఐదేళ్లలో రెట్టింపవుతుంది. పై ఉదాహరణలో రూ.864 మొదటి ఏడాది రూ.994, రెండో ఏడాది రూ.1,143, ఐదో ఏడాదికి రూ.1,738 అవుతుంది. ఏడో ఏట రూ.2,200కు చేరి, మూలధన విలువ మారకపోతే అక్కడ ఆగుతుంది. తమకు ఏ ఏడాది ఎంత శాతం వర్తించిందో యజమానులు డిమాండు నోటీసులను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

భారం ఎవరిపై

కొత్త లెక్కలో స్థలం విలువకు ప్రాధాన్యం పెరిగింది. ఖరీదైన వీధిలో పాత పెంకుటింట్లో పింఛనుపై బతికే వృద్ధులకు చేతికి వచ్చే ఆదాయం పెరగదు. స్థలం విలువ మాత్రం కాగితంపై పెరుగుతుంది. అద్దె పద్ధతిలో ఇంటి పాతదనం వారికి కొంత రక్షణ. కొత్త పద్ధతిలో కట్టడం విలువ తక్కువైనా స్థలం విలువ లెక్కను పైకి లాగుతుంది. మరోవైపు, ఏళ్ల తరబడి నామమాత్రపు పన్ను కడుతూ వచ్చిన పెద్ద వాణిజ్య ఆస్తులు తమ విలువకు తగిన వాటా చెల్లించే వీలు ఈ పద్ధతిలోనే ఉంది. నగరానికి నీరు, కాలువలు, పారిశుద్ధ్యం కావాలంటే ఆదాయం కావాలన్నదీ కాదనలేని మాట. కేంద్ర ప్రభుత్వ ఆస్తులపై పన్ను వేసే అధికారం 285వ అధికరణ ప్రకారం స్థానిక సంస్థలకు లేనందున, రైల్వే వంటి పెద్ద ఆస్తులున్న రాజమహేంద్రవరంలో మిగిలిన పన్నుదారుల వాటా మరింత ముఖ్యం.

విలువ నిర్ణయించేది ఎక్కడ

మార్కెట్ విలువల సవరణకు 1998 నాటి నిబంధనలు ఉన్నాయి. పట్టణ ప్రాంతాలలో జాయింట్ కలెక్టరు అధ్యక్షతన గల కమిటీ ఈ పని చేస్తుంది. సబ్ రిజిస్ట్రారు కన్వీనరుగా ఉంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో రాజమహేంద్రవరం తూర్పుగోదావరికి, భీమవరం పశ్చిమగోదావరికి, అమలాపురం కోనసీమకు జిల్లా కేంద్రాలయ్యాయి. ఆ నెలలోనే కొత్త జిల్లా కేంద్రాలలో విలువలను సవరించారు. 2025 ఫిబ్రవరి 1న రాష్ట్రవ్యాప్తంగా మరోసారి సవరణ జరిగింది. ప్రతిపాదిత విలువలపై అభ్యంతరాలు కోరినప్పుడు సాధారణంగా స్పందించేది స్థిరాస్తి వ్యాపారులు, కొనుగోలుదారులు. ఇంటి పన్నుకు మూలం అక్కడే ఉన్నందున, సొంతింట్లో ఉండేవారు కూడా తమ వీధికి ప్రతిపాదించిన విలువను చూసి, పక్క వీధితో పొంతన లేకుంటే ఆ దశలోనే లిఖితపూర్వకంగా తెలియజేయడం మేలు. విలువ ఖరారైన తరువాత పన్ను నోటీసుపై వాదించడానికి మిగిలేది కొద్దిపాటి అవకాశమే.

యజమానులు సరిచూసుకోవలసినవి

నోటీసులో కట్టుబడి విస్తీర్ణం, అంతస్తుల సంఖ్య, కప్పు రకం, భవనం వయసు, వినియోగం సరిగా నమోదయ్యాయో లేదో ముందుగా చూడాలి. ఇంటి ముందు గదిలో ఒకప్పుడు నడిపి మూసేసిన కొట్టు ఇంకా నివాసేతరంగానే నమోదై ఉంటే పన్ను అధికంగా పడుతుంది. రెండో అంతస్తు కూల్చివేసినా, పెంకుటిల్లు శ్లాబుగా రాసుకున్నా అంతే. స్థలం విలువను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని విలువతో పోల్చుకోవాలి. తేడా ఉంటే దస్తావేజు, ప్లాను, ఫొటోల నకళ్లు జతచేసి, నోటీసులో చెప్పిన గడువులోగా కమిషనరుకు పునఃపరిశీలన దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటి మాటగా బిల్లు కలెక్టరుకు చెప్పడం దరఖాస్తు కాదు.

వివాదం తేలేవరకు పన్ను ఆపడం మంచిది కాదు. మొదటి అర్ధ సంవత్సరం పన్ను జూన్ 30లోగా, రెండోది డిసెంబరు 31లోగా చెల్లించకపోతే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. అంటే ఏడాదికి 24 శాతం. చాలా బ్యాంకు అప్పుల కన్నా ఇది భారమే. కోరిన సవరణ ఆమోదం పొందితే అధికంగా కట్టిన సొమ్మును తరువాతి పన్నులో సర్దుబాటు చేయాలని దరఖాస్తులోనే కోరవచ్చు. నోటీసు అందిన రోజే దానిని దస్తావేజు పక్కన పెట్టి చదివితే, తరువాత కార్యాలయాల చుట్టూ తిరిగే అవసరం చాలావరకు తప్పుతుంది.