ఇన్సులిన్‌ను మింగితే ఎందుకు పనిచేయదు? పెప్టైడ్ మందుల సంగతి

"షుగరుకు మాత్రలున్నాయి కదా సార్, కొందరు సూదే ఎందుకు వేసుకోవాల?" అని పిల్లలు అడుగుతుంటారు. జవాబు మన జీర్ణక్రియ పాఠంలోనే ఉంది.

ఇన్సులిన్ ఒక పెప్టైడ్. అంటే అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన దండ. మొత్తం 51 పూసలు. ఒక పేటలో 21, ఇంకో పేటలో 30. తిన్న పప్పునూ గుడ్డునూ కడుపు ఎట్లా అరిగిస్తుందో దీన్నీ అట్లాగే తెంచేస్తుంది. అందుకే సూది. 1922లో టొరంటోలో మొదటిసారి ఒక పిల్లవాడికి ఇచ్చిన ఇన్సులిన్‌ను పశువుల క్లోమం నుంచి తీశారు. బ్యాక్టీరియా చేత తయారు చేయించిన మానవ ఇన్సులిన్‌కు 1982లో అనుమతి వచ్చింది.

సూదితో ఇచ్చినా ఇంకో చిక్కు ఉంది. మన పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోను కూడా చక్కెరను అదుపు చేస్తుంది కానీ, రక్తంలో రెండు నిమిషాల్లోనే సగం పాడైపోతుంది. మందుగా ఎట్లా వాడాల? శాస్త్రవేత్తలు ఎంజైము కొరికే చోట ఒక పూసను మార్చి 'ఐబ్' అనే అమైనో ఆమ్లం పెట్టారు. ఇంకోచోట ఒక కొవ్వు తోక తగిలించారు. ఆ తోక రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకొని వేలాడుతుంది. అదే సెమాగ్లుటైడ్, వారానికి ఒక్క సూది చాలు. 2019లో దీనికి మాత్ర కూడా వచ్చింది, అయితే మింగిన దాంట్లో నూటికి ఒక వంతు కూడా రక్తంలోకి చేరదు.

ఈ ఐబ్ కలిసిన పెప్టైడ్లు ఎట్లా మడత పడతాయో బెంగళూరు ఐఐఎస్‌సీలో పి.బలరామ్ బృందం ఏళ్లతరబడి పరిశోధించింది. అంతకుముందే, 1963లో, మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ పెప్టైడ్ దండ ఏయే కోణాల్లో తిరగగలదో పటం గీశారు. ప్రపంచమంతా దాన్ని రామచంద్రన్ పటం అంటుంది. మన రాష్ట్రంలో జరిగిన పనే, మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? హైదరాబాదులో దివీస్, న్యూలాండ్ వంటి కంపెనీలు ఇప్పుడు పెప్టైడ్ల పనిలో ఉన్నాయి. కెమిస్ట్రీ చదవాలనుకునేవాళ్లు గమనించండి.

తల్లిదండ్రులకు ముఖ్యమైన మాట. టైప్-1 షుగరు ఉన్న పిల్లలకు ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. వాళ్లకు ఆకు పసరు గానీ, సన్నబడే సూది గానీ ఇన్సులిన్‌కు బదులు కాదు. ఎవరో చెప్పారని ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. తెరవని ఇన్సులిన్ బుడ్డిని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాల. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు కాబట్టి ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. సేలం నుంచి రైల్లో తెచ్చేటప్పుడు ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టకండి.

అట్లాంటి బిడ్డ మీ ఇంట్లో ఉంటే క్లాసు టీచరుకు తప్పకుండా చెప్పండి. చెమట పట్టి వణుకుతుంటే పాఠం మధ్యలోనైనా వెంటనే చక్కెర తినిపించాల, అడిగి అనుమతి తీసుకునే పని లేదు.