బద్వేలునుండి కడపకు: రెండు జీవసమాధులు

బద్వేలునుండి కడపకు పోవు త్రోవలలో ఒకటి లంకమల కొండలనంటి అట్లూరు మీదుగా సిద్ధవటము చేరి, పెన్న దాటి నగరమున ప్రవేశించును. కడపలోని అమీన్‌పీర్ దర్గాను, జనులు పెద్దదర్గాయని పిలుచు ఆ పుణ్యస్థలమును దర్శింపగోరి మేమీ త్రోవనే పట్టితిమి. దక్షిణదేశపు ముస్లిము యాత్రాస్థలములలో అది మిక్కిలి పేరుగన్నది. దానిని గూర్చి వ్రాయబూనిన మాకు నడుమ వేఱొక సమస్య తటస్థించినది. ఈ వ్యాసమునకు మూలమదియే.

సిద్ధవటపు కోట మట్లి రాజులది. కాకుత్స్థవిజయకర్తయైన మట్లి అనంతరాజు పేరు సాహిత్య విద్యార్థులకు క్రొత్తగాదు. కోటలోపల సిద్ధేశ్వరాలయమును, మసీదును, బిస్మిల్లాషావలీ దర్గాయును నేటికిని నిలిచియున్నవి. కడప నవాబులలో కడపటివాడైన అబ్దుల్ హలీంఖాను 1779లో హైదరాలీకి లొంగిపోయినది ఈ సిద్ధవటముననే. ఆంగ్లేయుల కాలమున, 1808 మొదలు 1812 వఱకు, ఇది జిల్లా ముఖ్యపట్టణముగా నుండెను. నేడు పెన్నగాలి తప్ప సందడిలేదు.

కడపకు నేక్‌నామాబాదను నామాంతరము గోలకొండ సేనాని నేక్‌నాంఖానునుబట్టి వచ్చినది. ఆతడు 1672లో మృతుడయ్యెను. సమాధి గోలకొండలో కలదు. పెద్దదర్గాకు మూలపురుషుడు ఖ్వాజా పీరుల్లా హుస్సేనీ. బీదరునుండి వచ్చి కడపలో స్థిరపడి, 1716లో మొహర్రము పదవనాడు జీవసమాధి పొందెనని దర్గా సంప్రదాయము. ఆయన కుమారుడు ఆరిఫుల్లా హుస్సేనీ తరువాత పీఠపరంపర సాగినది. ఉరుసు దినములలో అన్ని మతములవారును వత్తురు.

మమ్ము నిలిపినది ఆ ‘జీవసమాధి’ యను మాట. దర్గా వెలుపల పూలబుట్ట ముందు కూర్చున్న ఒక వృద్ధ మా ఊరడిగి, “బద్వేలు నుంచి వచ్చినారా సార్? అట్లయితే మఠంలో సామి సమాధి గూడా చూసింటారు” అనినది. ఆమె యనినది కందిమల్లాయపల్లెలోని పోతులూరి వీరబ్రహ్మముగారి మఠమును. అదియు బద్వేలునకు చేరువలోనిదే. అచ్చట స్వామి 1693లో జీవసమాధి యయ్యెనని మఠ సంప్రదాయము. రెండు తేదీలకు నడుమ అంతరము ఇరువదిమూడేండ్లు మాత్రమే.

బ్రహ్మముగారి శిష్యుడు సిద్దయ్య దూదేకుల కులజుడు. కుమారుడు హిందూయోగి వెంటబోయెనని తలిదండ్రులు కడప నవాబునకు మొరపెట్టుకొనగా, నవాబు గురుశిష్యులను పరీక్షించి తుదకు గౌరవించెనని కథ. దీనిని యథాతథముగా చరిత్రయని గ్రహించు వారొకవంక, కట్టుకథయని త్రోసివేయు వారొకవంక. ఇరువురును తొందరపడుచున్నారని మా అభిప్రాయము. గోలకొండ 1687లో మొగలాయీల వశమైనది. కడప మయానా నవాబులలో మూలపురుషుడైన అబ్దుల్ నబీఖాను స్వతంత్రించినది 18వ శతాబ్ది తొలినాళ్ళలో. కావున 1693నకు ముందు నవాబనదగినవాడు కడపలో ఈ వంశమున లేడు. కథలోనివాడు మొగలాయీ అధికారియైనను కావలెను, లేక తరువాతి తరమువారు తమ యెఱిగిన బిరుదమును వెనుకటి కాలమునకు అంటగట్టియైనను ఉండవలెను. ఈ రెండవదే మాకు సంభావ్యముగా తోచుచున్నది. అయినచో కథ 1693నాటి వార్త గాదు. నవాబుల ఏలుబడిలో ఈ సీమ ప్రజలు తమ పాలకునిగూర్చి చెప్పుకొన్న మాట. ఆ పాలకుడు క్రూరుడుగా గాక, పరీక్షించి ఒప్పుకొన్నవాడుగా చిత్రింపబడుట గమనింపదగినది.

ఇట్టి భావమునకు ఆధారము కథలయందేగాక ఆచారమునందును కలదు. ఉగాదినాడు కడప ముస్లిములు దేవునికడప వేంకటేశ్వరుని సన్నిధికేగి కానుకలర్పింతురు. బీబీనాంచారి తమయింటి ఆడుబిడ్డ గనుక స్వామి తమకల్లుడని వారి విశ్వాసము.

దర్గా పీఠపరంపరను, మఠ పరంపరను, నవాబుల వంశక్రమమును ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించిననే గాని పై ఊహ నిలుచునో లేదో తేలదు. అందులకు పారశీకము రావలెను. మాకు రాదు. రాయలసీమ చరిత్రను పరిశోధింపనెంచు తెలుగు విద్యార్థికి సంస్కృతముతోపాటు ఆ భాషయు నేర్పక, రెండు శతాబ్దుల పత్రములను మూసియుంచితిమి. ఈ లోపమున మా వంతును కలదు.