మెదడులో నెత్తురు: ఒక పేరు చరిత్ర

చావుకు కారణం వ్రాయడం గుమాస్తా పని అని మనలో చాలామంది అనుకుంటారు. ఆ గడిలో వ్రాసే మాటకు ఒక చరిత్ర వున్నదనీ, అది వైద్యశాస్త్రానికి ఎంత చెందుతుందో సమాజానికీ అంతే చెందుతుందనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. నేను వైద్యుణ్ణి కాను. తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. మాటల చరిత్ర నా వృత్తికి సంబంధించినది గనుక ఒక్క రోగం పేరునే తీసుకుంటున్నాను. అది మెదడులో రక్తస్రావం.

మన వూళ్లలో దీన్ని 'మెదడులో నరం చిట్లింది' అంటారు. కాలూ చెయ్యీ పడిపోతే పక్షవాతం అంటారు. మొదటి మాట జరిగినదాన్ని చెబుతుంది, రెండవది దాని ఫలితాన్ని. గ్రీకుల అపోప్లెక్సీకి అర్థం కొట్టి పడవేయడం. ఇంగ్లీషు స్ట్రోకు అన్నా దెబ్బే. కొట్టినదెవరన్న ప్రశ్నకు దేవుడనో గ్రహమనో జవాబు చెప్పుకున్న కాలం చాలా వున్నది. లండన్ మృత్యుపట్టికలను పరిశీలించి 1662లో పుస్తకం ప్రకటించిన జాన్ గ్రాంట్ వైద్యుడు కాడు, వర్తకుడు. ఆ పట్టికల్లో అపోప్లెక్సీతోబాటు గ్రహపు దెబ్బ తగిలి పోయినవారికీ ఒక వరుస కనిపిస్తుంది. శవాన్ని చూచి కారణం చెప్పే పని ఎక్కువగా బీద ముసలమ్మలది.

గ్రహాలను ఈ లెక్కలోనుంచి తప్పించింది శవపరీక్ష. 1658లోనే స్విట్జర్లాండు వైద్యుడు వెప్ఫర్ అపోప్లెక్సీతో పోయినవారి శవాలను కోసి, నాళం వెలుపలికి వచ్చి మెదడులో నిలిచిన నెత్తురును వర్ణించాడు. 1761లో పాదువా ఆచార్యుడు మోర్గాన్యీ బ్రతికి వుండగా కనిపించిన లక్షణాలనూ, శవంలో కనిపించిన మార్పులనూ జతపరచి, రోగానికి శరీరంలో ఒక స్థానం వుంటుందని చూపాడు. 1896లో రీవా-రోచీ తయారుచేసిన చేతిపట్టీ సాధనం, 1905లో రష్యన్ సైనిక వైద్యుడు కొరొట్కోవ్ వినిపించిన ధమని చప్పుళ్లు రక్తపోటును అంకెల్లోకి తెచ్చాయి. ఏండ్ల తరబడి హెచ్చు వత్తిడికి లోనైన సన్నని ధమని గోడ బలహీనపడి ఒకనాడు చిట్లుతుంది. గూడుకట్టిన నెత్తురు పుర్రె అనే గట్టి పెట్టెలో మెదడును నొక్కివేస్తుంది. చిట్లడం క్షణంలో జరిగేదే, కాని దానికి వెనుక సంవత్సరాల చరిత్ర వున్నది. 1945 ఏప్రిల్ 12న రూజ్వెల్టు మెదడులో నెత్తురు చిమ్మి మరణించినప్పుడు లోకానికి అది పిడుగుపాటుగా తోచింది. కాని ఏడాది ముందే ఆయన రక్తపోటు 186/108 వున్నట్లు హృద్రోగ వైద్యుడు బ్రూయెన్ గుర్తించాడు. చివరినాడు అది 300/190. ఆ వైద్యుడు ఈ వివరాలను ప్రకటించింది 1970లో.

ఇక పట్టికల సంగతి. 1893లో షికాగోలో బెర్తియాన్ సమర్పించిన మరణకారణాల జాబితా నేటి అంతర్జాతీయ రోగవర్గీకరణకు మూలం. 1948లో ఆరవ సవరణతో ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థకు వచ్చింది. అప్పుడు మెదడు రక్తస్రావం నాడీమండల వ్యాధుల అధ్యాయంలో వున్నది. 1965 నాటి ఎనిమిదవ సవరణ దాన్ని రక్తప్రసరణ వ్యాధుల్లోకి మార్చింది. పదవ సవరణలో మెదడు పొర కింద స్రావానికి ఐ60, మెదడు లోపలి స్రావానికి ఐ61 సంకేతాలు. మేడ మీంచి పడిన కూలీ తలలో కారిన నెత్తురు ఈ వరుసలోకి రాదు. అది గాయాల అధ్యాయానికి పోతుంది. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన పదకొండవ సవరణ ఈ వ్యాధిని మళ్లీ నాడీమండలానికే చేర్చింది. మన 'నరం' రక్తనాళానికీ నాడికీ ఒకే మాట కావడం అశాస్త్రీయమని విమర్శించేవారు వున్నారు. ఆ రెంటి నడుమనే ప్రపంచ నిపుణులు అర్ధశతాబ్దం పైగా అటూ ఇటూ తిరిగారన్నది గమనించదగిన విషయం. ఇది మాటల పట్టింపు కాదు. ఏ అధ్యాయంలో వ్రాస్తే ఆ శాఖ లెక్కలో ఆ చావులు చేరుతాయి.

వర్గీకరణ వెలుగు చూపినట్లే మరుగూ పరుస్తుంది. మరణపత్రంలో వైద్యుడు మెదడు రక్తస్రావమనీ, దానికి మూలం రక్తపోటనీ వ్రాశాడనుకుందాం. పదవ సవరణ నియమాల ప్రకారం మూలకారణంగా లెక్కకెక్కేది ఐ61. రక్తపోటు పేరు ఆ పట్టికలోనుంచి జారిపోతుంది. చిట్లిన నాళం మిగులుతుంది, చిట్లించిన సంవత్సరాలు మిగలవు. మాత్రలు కొనలేకపోవడం, ఒక్కసారైనా రక్తపోటు చూపించుకోలేకపోవడం వంటివాటికి అక్కడ చోటు లేదు.

ఐ64 అని మరొక సంకేతం వున్నది. మెదడుకు దెబ్బ తగిలింది గాని నెత్తురు కారిందో, గడ్డకట్టి దారి మూసిందో తెలియదని దాని అర్థం. ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. గడ్డను కరిగించే మందు ఒకరిని బ్రతికిస్తుంది, నెత్తురు కారుతున్నవాడికిస్తే చంపవచ్చును. పైకి ఇద్దరికీ చెయ్యి ఒకే విధంగా పడిపోతుంది. బ్రతికి వున్న మనిషి మెదడులోని తేడాను కంటికి చూపినది 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఒక ఆసుపత్రిలో మొదటి రోగి మీద నడిచిన హౌన్స్‌ఫీల్డ్ సీటీ యంత్రం. ఆ యంత్రం అందుబాటులో లేని చోట 'తెలియదు' అన్న సంకేతం వైద్యుని అజ్ఞానాన్ని తెలిపేది కాదు, బీదతనాన్ని తెలిపేది. మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. తక్కినవారికి ఐ64 భాగ్యం కూడా లేదు.

రోగాన్ని దేవుని చేతిలోనుంచి తప్పించి మనిషి చేతికి తెచ్చిన శాస్త్రం పురోగామి అనడంలో సందేహం లేదు. కాని చచ్చినవాడికి సరైన పేరు దొరకాలంటే బ్రతికి వున్నప్పుడు వైద్యం దొరికి వుండాలి. పల్లెల్లో నడివయసు దాటిన ప్రతివారికీ చేతికి పట్టీ కట్టి చూడడం, జిల్లా ఆసుపత్రిలో రాత్రిపూట కూడా సీటీ తీయడం, మరణపత్రాన్ని పూర్తిగా వ్రాయడం ఒకదానికొకటి ముడిపడిన పనులు. ఆ గడి ఖాళీగా వున్నంతకాలం మన ఇండ్లలో 'అంతా తలరాత' అన్న మాటే మరణకారణంగా చెలామణి అవుతుంది. లండన్ పట్టికల్లోని గ్రహపు దెబ్బకూ దానికీ తేడా ఏమీ లేదు.