గీత మారినా మూలం మిగలాలి



మన తెలుగు ఇళ్లలో ఒక ఆచారం ఉంది. ఇంటి పెద్ద కన్నుమూసినప్పుడు గోడకు పెట్టడానికి విడి ఫోటో దొరకదు. అప్పుడు పెట్టె వెతికి, ఏ పెళ్లినాటి గ్రూపు ఫోటోనో బయటికి తీసి, అందులోని ముఖాన్ని పెద్దది చేయించి దండ వేస్తాం. మా బామ్నిలో, పక్కనున్న బల్లార్షాలో, బతుకుదెరువుకు వచ్చి స్థిరపడిన ఎన్నో కుటుంబాలకు ఇది తెలిసిన సంగతే.

ఈ పని రెండు విధాలుగా జరుగుతుంది. కత్తెరతో ఆ ముఖం వరకు కత్తిరించి స్టూడియోకు ఇవ్వవచ్చు. లేదా ఆ ఫోటోకే మరో ఫోటో తీయించి, ఆ నకలులోంచి ముఖాన్ని పెద్దది చేయించవచ్చు. గోడమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. పెట్టెలో మిగిలేది మాత్రం ఒకటి కాదు. మొదటి పద్ధతిలో పెద్దాయన పక్కన నిలబడ్డ చెల్లెలు, వెనకున్న పందిరి, మూలనున్న ఎడ్లబండి శాశ్వతంగా పోతాయి. ఆ చెల్లెలికి ఉన్న ఒకే ఒక్క ఫోటో అదే అయితే? ఆమె మనవలు రేపు వచ్చి అడిగితే ఏం చూపిస్తాం?

ఫోటో అంచులను కోసి, కావలసిన మేరకే ఉంచుకోవడాన్ని క్రాపింగ్ అంటారు. మూలానికి నష్టం లేకుండా ఈ పని చేయాలన్న జాగ్రత్త కంప్యూటర్లతో పుట్టింది కాదు. దాని చరిత్ర గాజు పలకల కాలం నాటిది.

1851లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి గాజు పలక పద్ధతిని ప్రకటించాడు. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ జెలటిన్ పూసిన పొడి పలకకు దారి చూపాడు. ఈ పలకే నెగటివ్. దాన్ని ప్రత్యేకమైన కాగితం మీద ఆనించి ఎండలో ఉంచితే ప్రింటు వచ్చేది. అక్కరలేని అంచు ఉంటే నల్లకాగితం అడ్డుపెట్టేవారు, లేదా ప్రింటు అంచును కోసేవారు. కోత పడేది కాగితానికే. గాజు పలక చెక్కుచెదరకుండా పెట్టెలోకి తిరిగి వెళ్లేది.

ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. రాజా దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. బామ్ని నుంచి వార్ధా నది దాటితే వచ్చే రాజురా కూడా ఆనాడు ఆ నిజాం రాజ్యంలోనిదే. దీన్ దయాళ్ 1905లో కన్నుమూశాడు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన గాజు నెగటివ్‌లు 2,857 కొని భద్రపరిచింది. ఆయన పోయిన ఎనభై నాలుగేళ్లకు కూడా మూలాలు చేతికి అందాయి. వాటినుంచి ఏ తరానికి కావలసిన చట్రంలో ఆ తరం కొత్త ప్రింటు వేసుకోవచ్చు. చట్రాన్ని మరాఠీలో చౌకట్ అంటారు. చౌకట్ ఎన్నిసార్లు మార్చినా గాజు మీద బొమ్మ తరగదు.

తర్వాత ఫిల్ము వచ్చింది. స్టూడియోవారు నెగటివ్‌ను కవరులో పెట్టి నంబరు వేసేవారు. పాస్‌పోర్టు సైజుకైనా, గోడ ఫోటోకైనా అదే నెగటివ్.

1990లో ఫోటోషాప్ అమ్మకానికి వచ్చింది. కంప్యూటరులో కోసి, అదే పేరుతో సేవ్ చేస్తే మూలమే పోయే ప్రమాదం వచ్చి పడింది. లెక్క చూడండి. అడ్డం 6,000, నిలువు 4,000 చుక్కలున్న ఫోటోలో రెండు కోట్ల నలభై లక్షల చుక్కలుంటాయి. అడ్డంలో సగం, నిలువులో సగం ఉంచుకుంటే మిగిలేవి అరవై లక్షలే. ముప్పాతిక భాగం పోయినట్టే.

2005లో ఆపిల్ వారి అపెర్చర్, 2007లో అడోబీ వారి లైట్‌రూమ్ పాత గాజు పలక నీతినే మళ్లీ తెచ్చాయి. మూల ఫైలును ముట్టుకోవు. ఎక్కడ గీత గీయాలో ఆ సూచనను మాత్రం విడిగా రాసి పెట్టుకుంటాయి. సూచన తీసేస్తే ఫోటో మొత్తం తిరిగి కనిపిస్తుంది. ఫోటోషాప్‌లో క్రాప్ చేసేటప్పుడు ‘డిలీట్ క్రాప్‌డ్ పిక్సెల్స్’ అన్న గడిలో టిక్ తీసేసి, పీఎస్‌డీ ఫైలుగా దాచండి. జేపెగ్‌గా దాస్తే దాగిన అంచులు అందులో ఉండవు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఇతరులకు పంపేటప్పుడు దాగిన భాగం నిజంగా పోవడమే క్షేమం. 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఒక లోపం బయటపడింది. స్క్రీన్‌షాట్‌లో కోసేశామనుకున్న భాగాన్ని కొంతవరకు తిరిగి రాబట్టవచ్చని తేలింది. ఆధార్ నంబరో, బ్యాంకు ఖాతా నంబరో కోసి పంపేవారికి ఇది హెచ్చరిక. కాబట్టి ఇంట్లో మూలం పూర్తిగా ఉండాలి. బయటికి వెళ్లేది విడిగా చేసిన నకలు కావాలి.

సరిహద్దు జిల్లాల వాళ్లం మనకు గీతల సంగతి కొత్త కాదు. 1956లో రాష్ట్రాలు మారే వరకు రాజురా ఆదిలాబాద్ జిల్లాలోది. పటం మీద చౌకట్ జరిగింది. గీతకు ఆవల ఉండిపోయిన చుట్టాలు మాత్రం చుట్టాలుగానే ఉన్నారు, పెళ్లిళ్లకు ఇటూ అటూ వస్తూ పోతూనే ఉన్నారు. ఫోటో అంచున నిలబడ్డ మనిషి కూడా అలాంటి చుట్టమే.

ఈ ఆదివారం మీ పెట్టెలోని పాత గ్రూపు ఫోటోలు బయటికి తీయండి. అంచు నుంచి అంచు దాకా ఫోటో తీసి, రెండు చోట్ల దాచండి. ఎవరెవరో పెద్దలను అడిగి పేర్లు రాసుకోండి. కత్తిరించడం ఆ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.