కెర్నెలు తొందర, డిస్కు నిదానం

2000ల మధ్యలో లినక్సులో పెన్‌డ్రైవు గుచ్చినవాళ్ళకి ఒక మెసేజీ గుర్తుండే ఉంటుంది: "వెయిటింగ్ ఫర్ డివైస్ టు సెటిల్". దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదుల్లో అసెంబుల్డ్ పీసీ మీద లినక్సు ఎక్కించినవాళ్ళు దాన్ని ఏదో పెద్ద పనే అనుకునేవాళ్ళు. నిజానికి కెర్నెలు అక్కడ ఏ పనీ చెయ్యడం లేదు. ఊరికే 5 సెకన్లు ఆగేది, అంతే! తర్వాత దాన్ని 1 సెకను చేశారు.

ఎందుకు ఆగాలి? ఎంజీబీఎస్‌లో బయల్దేరిన విజయవాడ బస్సు ఎల్బీ నగర్‌లో ఐదు నిమిషాలు ఆగిందనుకోండి. కొత్తపేట ట్రాఫిక్కులో ఇరుక్కున్నవాడికి ఆ ఐదు నిమిషాలు చాలవు. ఎక్కేవాళ్ళెవరూ లేకపోతే అదే ఐదు నిమిషాలు దండగ. స్లీప్ పెట్టి రాసిన ప్రతి ప్రోగ్రాముదీ ఇదే కథ.

మొదట్లో ఈ గొడవ వేరేగా ఉండేది. ఐఎస్ఏ కార్డుల కాలంలో కెర్నెలే ఒక్కో పోర్టునీ తడిమి "ఎవరైనా ఉన్నారా" అని చూసేది. తప్పు కార్డుని తడిమితే మెషీను బిగుసుకుపోయేది. కాకపోతే అంతా వరసలో జరిగేది కాబట్టి, ఈరోజు మొదటి డిస్కు రేపు కూడా మొదటి డిస్కే.

యూఎస్‌బీ వచ్చాక పరికరాలు ఎప్పుడు పడితే అప్పుడు రావడం, పోవడం మొదలైంది. 2.4 కెర్నెల్లో డెవ్‌ఎఫ్ఎస్ ఉండేది. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ దాని బదులు యూడెవ్ తెచ్చాడు. కెర్నెలు కబురు పంపుతుంది, పేరు పెట్టే పని బయటి ప్రోగ్రాముది. బాగానే ఉంది కదా? కానీ అప్పట్లో ప్రతి కబురుకీ ఒక కొత్త ప్రాసెస్ లేచేది. అందులో ఏది ముందు నడుస్తుందో గ్యారంటీ లేదు. పరికరం పోయిందన్న కబురు, వచ్చిందన్న కబురు కంటే ముందే అందొచ్చు! అందుకే కబుర్లకి వరస నంబర్లు వేసి, ఆ క్రమంలో పెట్టుకోవాల్సొచ్చింది.

తర్వాత స్పీడు పిచ్చి. 2006లో 2.6.19తో స్కజీ డిస్కులని ఒకేసారి వెతకడం వచ్చింది. 2008లో అర్యన్ వాన్ డె వెన్, ఆకె కాక్ కలిసి ఈఈఈ పీసీని 5 సెకన్లలో బూట్ చేసి చూపించారు. గమనించారా, ఒక్క పెన్‌డ్రైవు కోసం ఆగినంత సేపట్లో మొత్తం బూటింగు!

సమాంతరంగా వెతికితే ముందు పలికినవాడికే మొదటి పేరు దక్కే ప్రమాదం ఉంది. నిన్నటి ఎస్‌డీఏ ఇవాళ ఎస్‌డీబీ కావచ్చు. ఇది సరదా విషయం కాదు. ఎస్‌డీబీని ఫార్మాట్ చెయ్యమని రాసిన స్క్రిప్టు, ఒక రోజు బ్యాకప్ డిస్కునే తుడిచేస్తుంది. అందుకే ఉబుంటు 2006లో 6.10 నుంచి డిస్కులని యూయూఐడీతో గుర్తుపట్టడం మొదలెట్టింది. నెట్‌వర్కు కార్డులకి స్థానాన్ని బట్టి పేరు పెట్టడం సిస్టమ్‌డీలో 2013లో వచ్చింది. పేరు రాక క్రమానిది కాదు, మనిషిది అన్నమాట.

మరి "అన్ని పరికరాలూ వచ్చేశాయా?" అన్న ప్రశ్నకి జవాబు? లేదు. యూడెవ్ సెటిల్ అనే కమాండు ఉంది గానీ, అది అప్పటిదాకా చేరిన కబుర్లు అయిపోయాయని మాత్రమే చెప్తుంది. ఇంకా నిద్ర లేవని డిస్కు సంగతి దానికేం తెలుసు? దాన్ని నమ్ముకోవద్దని సిస్టమ్‌డీ డాక్యుమెంట్లే చెప్తాయి. నాకు కావాల్సిన ఫలానా డిస్కు వచ్చిందా అని అడగాలి తప్ప, అందరూ వచ్చారా అని అడగకూడదు.

కెర్నెలువాళ్ళు ఇరవై ఏళ్ళు కిందా మీదా పడి నేర్చుకున్న పాఠం ఇది. మనం మాత్రం డేటాబేసు లేవడానికి ఇప్పటికీ స్లీప్ 30 పెట్టి, టెస్టు ఫెయిలైతే దాన్ని 60 చేస్తున్నాం. మీ డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టులో ఒకసారి స్లీప్ అని వెతికి చూడండి. కనబడిన ప్రతి చోటా, ఎవరి కోసం ఆగుతున్నామో పేరు పెట్టి అడిగేలా మార్చండి.